చెడింది ఒక డిస్కు, గండం మిగతావాటికి

నాలుగు డిస్కుల స్టోరేజ్ పెట్టె ముందువైపు నాలుగు పచ్చ దీపాలు వెలుగుతుంటాయి. ఒకరోజు పొద్దున్నే వాటిలో మూడోది నారింజ రంగుకు తిరుగుతుంది. లోపలి నుంచి ఆగకుండా బీప్ శబ్దం వస్తుంటుంది. అయినా పని ఎక్కడా ఆగదు. ఫోల్డర్లు తెరుచుకుంటాయి, లెక్కల ఫైళ్లు సేవ్ అవుతాయి, నిన్న తీసిన ఎక్స్‌రేలు తెర మీదకు వస్తాయి. కొన్ని డిస్కులను ఒక్కటిగా కలిపి వాడే రెయిడ్ అనే ఏర్పాటు పుట్టిందే ఇందుకు. డిస్కు ఒకటి పోయినా సమాచారం పోకూడదు. ఆ పూటకు అది తన పని తాను చేసింది. ఇక మీదట జరిగేదంతా ఆ శబ్దం విని పెట్టె దగ్గరకు వచ్చిన మనిషి చేతిలో ఉంటుంది.

ఒక డిస్కు పోయినా తట్టుకునే రెయిడ్ 5 అనే రకంలో సమాచారం పోవాలంటే ఒక డిస్కు చెడితే చాలదు, దాని వెంటే రెండో దెబ్బ కూడా తగలాలి. ఆ రెండో దెబ్బకు డిస్కు మార్చే గంటల్లో ఉన్నంత అవకాశం మరెప్పుడూ ఉండదు. కంగారులో బాగున్న డిస్కును లాగేయడం, పక్క డిస్కులో ఎవరూ గమనించని చెడ్డ సెక్టార్ (డిస్కు మీద సమాచారం రాసే చిన్న గడి) అప్పుడే బయటపడటం, కొత్తగా పెట్టిన డిస్కు మొరాయించడం, ఇవన్నీ ఆ గంటల్లోనే జరుగుతాయి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఈ పనికి అతికినట్టు సరిపోతుంది. డిస్కు బిగించడానికి ఐదు నిమిషాలు చాలు. ఏది చెడిందో, నిజంగానే చెడిందో లేదో, మిగతావి ఎలా ఉన్నాయో తేల్చుకోవడానికే అసలు సమయం కేటాయించాలి.

ముందుగా, ఒక డిస్కు లేకపోయినా సమాచారం ఎలా దొరుకుతోందో చూడాలి. రెయిడ్ 5లో మూడు డిస్కుల్లో ఒకే చోట 1, 0, 1 అనే అంకెలు ఉన్నాయనుకుందాం. మొత్తం మీద 1ల సంఖ్య సరిసంఖ్య అయ్యేలా నాలుగో డిస్కులో 0 రాస్తారు. దీన్నే ప్యారిటీ అంటారు. రెండో డిస్కు పోయిందంటే మిగిలినవి 1, 1, ప్యారిటీ 0. రెండు 1లు ఉన్నాయి, అది సరిసంఖ్యే, కాబట్టి పోయిన అంకె 0 అయి తీరాలి. లెక్క ఇంత సులువు. అయితే పోయిన ఒక్క అంకెను తిరిగి రాబట్టడానికి మిగిలిన మూడు డిస్కులూ తప్పు లేకుండా పలకాలన్న షరతు ఇందులోనే ఉంది. అంటే నారింజ దీపం వెలిగిన క్షణం నుంచి ఆ మూడింటిలో ఏ ఒక్కటి తడబడినా ఆదుకునే తోడు లేదు. రెయిడ్ 6లో రెండో రకం ప్యారిటీ కూడా ఉంటుంది కనుక మరొక డిస్కు పోయినా ఊపిరి ఉంటుంది. పెద్ద డిస్కులు వాడేవారికి రెయిడ్ 5 కంటే రెయిడ్ 6 మేలని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ 1988లో రెయిడ్ పత్రాన్ని వెలువరించినప్పుడు, 7,500 మెగాబైట్ల ఐబీఎం పెద్ద డిస్కుకు బదులుగా 100 మెగాబైట్ల చిన్న డిస్కులను గుంపుగా వాడవచ్చని వాదించారు. డిస్కు చెడి కొత్తది పెడితే, మిగతావాటి నుంచి లెక్కగట్టి దాన్ని తిరిగి నింపాలి, దీన్నే రీబిల్డ్ అంటారు. ఆ చిన్న డిస్కు సెకనుకు ఒక మెగాబైటు చొప్పున పని చేస్తే రెండు నిమిషాల లోపే నిండిపోతుంది. ఇప్పటి 16 టెరాబైట్ల డిస్కును సగటున సెకనుకు 200 మెగాబైట్ల వేగంతో నింపినా 80,000 సెకన్లు, అంటే 22 గంటలకు పైనే పడుతుంది. అదీ పెట్టె మరే పనీ చేయకపోతేనే. పగలంతా జనం ఫైళ్లు తెరుస్తుంటే రెండు, మూడు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. డిస్కు సామర్థ్యం పెరిగినంతగా వేగం పెరగలేదు. అందుకే తోడు లేకుండా నెగ్గుకు రావలసిన సమయం నిమిషాల నుంచి రోజులకు సాగింది.

పెట్టె ఒక డిస్కును బయటకు నెట్టినంత మాత్రాన ఆ డిస్కు చచ్చిపోయినట్టు కాదు. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ పట్టికను ముందు చదవాలి. అందులో 5, 197, 198 నంబర్ల వరసలు ముఖ్యం. పనికిరాక పక్కన పెట్టిన సెక్టార్లు ఎన్ని, చదవడానికి రాక అనుమానంలో ఉన్నవి ఎన్ని అనేవి అక్కడ తెలుస్తాయి. ఇవి పెరుగుతుంటే డిస్కు పని అయిపోవచ్చినట్టే. ఇవన్నీ సున్నాలుగా ఉండి 199వ వరస ఒక్కటే పెరుగుతుంటే లోపం డిస్కులో కన్నా దాన్ని కంట్రోలర్‌కు, అంటే డిస్కులను నడిపే భాగానికి కలిపే కేబుల్‌లోనో, స్లాట్ కనెక్టర్‌లోనో ఉండే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు కొత్త డిస్కు కొనితెచ్చి అదే చోట పెడితే అదీ నాలుగు రోజుల్లో బయటకు వస్తుంది.

మరొక చిక్కు ఓపికకు సంబంధించింది. మామూలు డెస్క్‌టాప్ డిస్కు చదవలేని సెక్టార్ తగిలితే నిమిషం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. దాని దగ్గర రెండో ప్రతి లేదు కనుక ఆ పట్టుదల సబబే. కానీ పెట్టెను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ అయితే, అది సాధారణంగా 30 సెకన్లే ఆగుతుంది. ఆ పైన డిస్కు పలకడం లేదని తీర్మానించి లింకును తెంచి మళ్లీ కలపాలని చూస్తుంది. అది కుదరక రెయిడ్ ఆ డిస్కును బయటపెడుతుంది. నాస్ పెట్టెల కోసం, అంటే నెట్‌వర్క్ మీద పంచుకునే ఇలాంటి స్టోరేజ్ పెట్టెల కోసం చేసిన డిస్కులు 7 సెకన్ల దగ్గర ప్రయత్నం మానుకుని తప్పు ఒప్పుకుంటాయి. అప్పుడు రెయిడ్ మిగతా డిస్కుల నుంచి ఆ ముక్కను లెక్కగట్టి, అదే డిస్కులో తిరిగి రాస్తుంది. ఎవరికీ ఏమీ తెలియకుండా గండం గడిచిపోతుంది. డిస్కు కొనేటప్పుడు కాస్త ధర తగ్గిందని డెస్క్‌టాప్ రకం తెచ్చి రెయిడ్‌లో పెట్టడం వల్ల వచ్చే కష్టాల్లో ఇదే పెద్దది. ఇప్పటికే అవి ఉంటే, డిస్కు ఒప్పుకునే పక్షంలో ఆ గడువును 7 సెకన్లకు కుదించవచ్చు. లేదంటే లినక్స్ ఆగే సమయాన్ని 180 సెకన్లకు పెంచవచ్చు.

డిస్కు నిజంగానే చెడిందని తేలాక కూడా చెయ్యి డిస్కు ఉన్న ట్రే మీదకు పోకూడదు. బ్యాకప్ ఉందా, ఉంటే తెరుచుకుంటోందా అన్నది చూడాలి. 2017 జనవరి 31 రాత్రి, ప్రోగ్రాముల కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు రెండో డేటాబేస్ సర్వర్‌లోని ఫోల్డరును ఖాళీ చేయబోయి, పొరపాటున ప్రధాన సర్వర్‌లో ఖాళీ చేశారు. ఒకటి రెండు సెకన్లలో గుర్తించి ఆపినా, దాదాపు 300 గిగాబైట్లలో నాలుగున్నర గిగాబైట్లే మిగిలాయి. ఆ తర్వాత చూసుకుంటే, ఉన్నాయనుకున్న ఐదు రకాల బ్యాకప్, నకలు ఏర్పాట్లలో ఒక్కటీ నమ్మకంగా పని చేయడం లేదు. సుమారు ఆరు గంటల సమాచారం పోయింది. ఆ సంస్థ జరిగినదంతా దాచకుండా బయటపెట్టింది కనుకనే ఈ వివరాలు లోకానికి తెలిశాయి. అది రెయిడ్ వైఫల్యం కాకపోయినా రెయిడ్ పెట్టె ముందు నిలబడ్డ ప్రతి ఒక్కరికీ పనికొస్తుంది. రెండు ఒకేలా ఉన్నప్పుడు అలసిన మనిషి ఒకదాన్ని మరొకటి అనుకుంటాడు. మూడు, నాలుగు నంబర్ల ట్రేలు అంతకన్నా ఒకేలా ఉంటాయి.

తాజా బ్యాకప్ లేకపోతే, కొత్త డిస్కు పెట్టకముందే ముఖ్యమైన సమాచారాన్ని వేరే చోటికి తీయడం మంచిది. ఈ విషయంలో రెండు వాదనలు ఉన్నాయి. కాపీ చేయడం కూడా మిగిలిన డిస్కులకు శ్రమే, ఆ సమయంలో రీబిల్డ్ మొదలుపెట్టడమే నయమని కొందరంటారు. కానీ రీబిల్డ్ ఖాళీ చోటుతో సహా డిస్కు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చదువుతుంది, అది సగంలో ఆగితే చేతిలో ఏమీ మిగలకపోవచ్చు. అదే, ముఖ్యమైన 200 గిగాబైట్లను ముందుగా తీసిపెట్టుకుంటే తర్వాత ఏం జరిగినా అంతవరకు ఒడ్డున పడ్డట్టే. ముందే రీబిల్డ్ మొదలుపెట్టడానికి గట్టి కారణం కనిపించదు.

ఇక గుర్తుపట్టడం. లినక్స్‌లో డిస్కులకు వచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనే పేర్లు స్థిరమైనవి కావు. యంత్రం మళ్లీ మొదలైనప్పుడు నిన్నటి ఎస్‌డీసీ ఇవాళ ఎస్‌డీబీ కావచ్చు. స్లాట్ నంబర్లదీ ఇదే కథ. చాలా కంట్రోలర్లు సున్నా నుంచి లెక్కపెడతాయి, మనిషి ఒకటి నుంచి లెక్కపెడతాడు. తెర మీద స్లాట్ 2 చెడిందని చూసి రెండో ట్రే లాగితే, చెడిన మూడోది అక్కడే ఉంటుంది, బాగున్న రెండోది చేతిలోకి వస్తుంది. ఆ క్షణంలో రెయిడ్ 5 మొత్తం ఆగిపోతుంది. నమ్మదగిన గుర్తు ఒక్కటే, డిస్కు మీద అచ్చయిన సీరియల్ నంబరు. చెడిన డిస్కు అసలు పలకకపోతే, పలుకుతున్న వాటన్నిటి సీరియల్ నంబర్లు కాగితం మీద రాసుకోవాలి. ట్రేలోని డిస్కు మీద ఉండి కాగితం మీద లేని నంబరే చెడినది. పెట్టెలో సౌకర్యం ఉంటే ఫలానా స్లాట్ దీపం మిణుకుమనేలా ఆదేశించవచ్చు. అది లేకపోతే బాగున్న డిస్కుల నుంచి కావాలని చదివిస్తే వాటి దీపాలు ఆడతాయి, ఆడనిదాన్ని సీరియల్ నంబరుతో పోల్చుకోవచ్చు. ప్రతి ట్రే ముందు భాగంలో సీరియల్ నంబరు చివరి నాలుగు అక్షరాలు రాసిన చిన్న స్టిక్కరు పెట్టె కొన్న రోజే అంటించి ఉంటే ఈ శ్రమంతా తప్పేది. నడుస్తుండగానే డిస్కు మార్చే హాట్ స్వాప్ సౌకర్యం లేని పెట్టె అయితే కచ్చితంగా ఆపాకే ముట్టుకోవాలి.

ఇంత జాగ్రత్త పడ్డా తప్పు డిస్కు చేతిలోకి వచ్చేసిందనుకుందాం. అప్పుడు చేయకూడనివి తెలియడమే ప్రాణం. కొత్తగా రెయిడ్ సృష్టించు, ఇనిషియలైజ్ చేయి అన్న ఆదేశాల జోలికి వెళ్లకూడదు. హార్డ్‌వేర్ కంట్రోలర్ తిరిగి పెట్టిన డిస్కును పరాయిదిగా భావించి, ఫారిన్ కాన్ఫిగరేషన్ కనిపించింది, దిగుమతి చేయాలా, చెరిపేయాలా అని అడుగుతుంది. కంగారులో చెరిపేయమంటే ఆ డిస్కు ఏ రెయిడ్‌కు చెందినదో తెలిపే గుర్తే పోతుంది. లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో ప్రతి డిస్కు మీద ఈవెంట్ కౌంట్ అనే లెక్క ఉంటుంది. రెయిడ్ స్థితి నమోదు మారినప్పుడల్లా అది ముందుకు జరుగుతుంది. పొరపాటున తీసిన డిస్కు లెక్క, మిగతావాటి లెక్క ఒకటో రెండో తేడాతో దగ్గరగా ఉంటే, రెయిడ్‌ను ఆపి ఉన్న డిస్కులతోనే మళ్లీ కూర్చడం చాలాసార్లు సాధ్యమవుతుంది. ఎన్నడో వారం కిందట పడిపోయిన డిస్కు లెక్క చాలా వెనకబడి ఉంటుంది, దాన్ని బలవంతంగా కలిపితే పాత సమాచారం కొత్తదానితో కలగలిసి ఫైళ్లు పాడవుతాయి. ఈ లెక్కలన్నీ ముందు రాసుకుని, తర్వాతే ఏదైనా చేయాలి.

కొత్త డిస్కు విషయంలో సైజు ఒక్కటి సరిపోతే చాలనుకోకూడదు. 2020 ఏప్రిల్‌లో వెస్టర్న్ డిజిటల్ సంస్థ, నాస్ పెట్టెల కోసం అమ్మే రెడ్ శ్రేణిలో 2 నుంచి 6 టెరాబైట్ల డిస్కుల్లో కొన్నింటికి షింగిల్డ్ పద్ధతి వాడినట్టు వెల్లడించింది. అప్పటికే ఆ డిస్కులు రెయిడ్‌లో సరిగా కలవడం లేదని వాడకందారులు మొత్తుకుంటున్నారు. ఈ పద్ధతి పెంకుటింటి కప్పు లాంటిది. ఒక పెంకు అంచు మీద మరో పెంకు ఎక్కి ఉన్నట్టు ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. కింది పెంకు మార్చాలంటే పైవాటిని కదపక తప్పదు. కొద్దికొద్దిగా రాసేటప్పుడు తేడా కనపడదు. రోజంతా ఆగకుండా రాసే రీబిల్డ్‌లో మాత్రం డిస్కు ఊపిరాడక గంటల పనిని రోజులకు లాగుతుంది, ఒక్కోసారి పలకడమే మానేసి రెయిడ్ నుంచి బయటపడుతుంది. డిస్కు కొనేముందు మోడల్ నంబరు చూసి ట్రాకులు ఎక్కి ఉండని సీఎంఆర్ రకమా, షింగిల్డ్ అయిన ఎస్ఎంఆర్ రకమా అన్నది తేల్చుకోవాలి. ఇదివరకు మరో రెయిడ్‌లో పని చేసిన డిస్కైతే దాని పాత గుర్తులు చెరిపాకే పెట్టాలి.

మిగిలిన డిస్కులు బాగున్నాయన్న భరోసా ఎంతవరకు పెట్టుకోవచ్చు? 1988 నాటి రెయిడ్ పత్రం రాసిన ముగ్గురిలో ఒకరైన గార్త్ గిబ్సన్, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బియాంకా ష్రోడర్‌తో కలిసి 2007లో దాదాపు లక్ష డిస్కుల రికార్డులను పరిశీలించారు. కంపెనీల కాగితాల ప్రకారం ఏడాదికి నూటికి ఒకటి కూడా చెడకూడదు. వాస్తవంలో రెండు నుంచి నాలుగు మార్చవలసి రావడం మామూలుగా కనిపించింది. డిస్కులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా చెడతాయన్న అంచనా కూడా నిలవలేదు. ఒకటి మార్చిన కొద్ది కాలానికే మరొకటి మార్చవలసిన సందర్భాలు అనుకున్నదానికంటే ఎక్కువ. ఒకేరోజు, ఒకే అట్టపెట్టెలోంచి తీసి బిగించిన డిస్కులు ఒకే వేడిని, ఒకే కుదుపును, ఒకే కరెంటు ఒడిదుడుకులను భరించి ఒకే వయసుకు వస్తాయి కదా. దీనికి అత్యంత స్పష్టమైన రూపం 2019 నవంబరులో బయటపడింది. హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ సంస్థ తన సర్వర్లలోని కొన్ని ఎస్ఎస్‌డీలు (చిప్పుల్లో సమాచారం దాచే డిస్కులు) సరిగ్గా 32,768 గంటలు, అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు పని చేశాక ఫర్మ్‌వేర్ (డిస్కును నడిపే లోపలి ప్రోగ్రామ్) లోపం వల్ల పూర్తిగా ఆగిపోతాయని హెచ్చరించింది. ఆ సంఖ్య పదిహేను రెండ్లను ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చేది. ఒకేరోజు మొదలుపెట్టినవి దాదాపు ఒకేసారి ఆగిపోతాయి, అప్పుడు రెయిడ్ 6 సైతం నిస్సహాయమే. ఫర్మ్‌వేర్ మార్చడం తప్ప మందు లేదు. నాలుగు డిస్కులు కొనేటప్పుడు రెండు వేర్వేరు దుకాణాల నుంచి, వేర్వేరు తయారీ తేదీలవి కొనడం చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ ఖర్చులేని రక్షణ అది.

అదే 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులపై వెలువరించిన అధ్యయనంలో, స్కాన్‌లో మొదటి తప్పు కనిపించిన డిస్కు ఆ తర్వాతి 60 రోజుల్లో చెడే అవకాశం తప్పులేని డిస్కుకన్నా 39 రెట్లు ఎక్కువని తేలింది. చెడిన డిస్కుల్లో మూడో వంతుకు పైగా వాటిలో ఏ స్మార్ట్ హెచ్చరికా లేకపోవడం కూడా ఆ అధ్యయనంలోనే ఉంది. కాబట్టి హెచ్చరిక వస్తే నమ్మాలి, రాలేదని నిశ్చింతగా ఉండకూడదు. హెచ్చరిక వచ్చిన డిస్కు ఇంకా కొన ఊపిరితో ఉంటే, దాన్ని లాగేసి ఖాళీ చోట కొత్తది పెట్టడం కన్నా మంచి దారి ఉంది. ఖాళీ స్లాట్ ఉంటే కొత్త డిస్కును పక్కన పెట్టి, పాతదాన్ని అలాగే ఉంచి, రీప్లేస్ అనే ఆదేశంతో దాని మీద ఉన్నదాన్ని నేరుగా కొత్తదానికి ఎక్కించవచ్చు. పాతదానిలో చదవరాని ముక్క తగిలినచోట మాత్రమే మిగతా డిస్కుల నుంచి లెక్కగడుతుంది. ప్యారిటీ తోడు చివరిదాకా తెగదు. లినక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లోనూ, జడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లోనూ ఈ వీలుంది. స్లాట్లన్నీ నింపేయకుండా ఒకటి ఖాళీగా ఉంచుకోవాలని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

రీబిల్డ్ మొదలయ్యాక లినక్స్‌లో స్థితి చూపే వరసలో మూడు ఇంగ్లిష్ యూ అక్షరాలు, మధ్యలో ఒక అడ్డగీత కనిపిస్తాయి. ఆ గీత ఉన్నచోట ఇంకా డిస్కు నిలదొక్కుకోలేదు. పని పూర్తయితే గీత పోయి నాలుగో యూ వస్తుంది. ఈ మధ్యలో పెట్టెకు యూపీఎస్ తప్పనిసరి. ఒక డిస్కు లేనప్పుడు రాస్తూ రాస్తూ కరెంటు పోతే సమాచారం ఒక తీరుగా, ప్యారిటీ మరో తీరుగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. మే నెలలో గంటల తరబడి కోతలున్న ఊళ్లో, బ్యాటరీ పావుగంటకు మించి నిలవని యూపీఎస్ మీద 20 గంటల రీబిల్డ్ మొదలుపెట్టే ముందు జనరేటర్ సంగతి కనుక్కోవడం అవసరం.

రీబిల్డ్ మధ్యలో చదవరాని సెక్టార్ తగులుతుందన్న భయం గురించి ఒక లెక్క తరచూ వినిపిస్తుంది. మామూలు డిస్కుల కాగితాల్లో లక్ష కోట్ల బిట్లకు వంద రెట్లు, అంటే 12.5 టెరాబైట్లు చదివితే ఒక తప్పు రావచ్చని ఉంటుంది. 6 టెరాబైట్ల డిస్కులు నాలుగింటి రెయిడ్ 5లో ఒకటి పోతే 18 టెరాబైట్లు చదవాలి కనుక రీబిల్డ్ విఫలం కావడం ఖాయమన్నది ఆ వాదన. ఇది అతిగా చెప్పిన మాట. కంపెనీ ఇచ్చేది పైహద్దు మాత్రమే, చాలా డిస్కులు అంతకన్నా ఎంతో బాగా చదువుతాయి. అసలు ముప్పు నెలల తరబడి ఎవరూ ముట్టని ఫైళ్ల కింద నిశ్శబ్దంగా పాడైన సెక్టార్లది. నెలకోసారి మొత్తం చదివి సరిచూసే స్క్రబ్ నడిపితే అవి తోడు ఉన్నప్పుడే బయటపడి బాగవుతాయి. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ ప్రతి నెలా మొదటి ఆదివారం ఈ తనిఖీ దానంతటదే నడుపుతుంది. పెట్టె నెమ్మదించిందని దాన్ని ఆపేసినవారు డిస్కు మార్చే రోజున మూల్యం చెల్లిస్తారు.

ఆపరేటింగ్ సిస్టమ్ కూడా అవే డిస్కుల మీద ఉంటే మరో రెండు పనులున్నాయి. బాగున్న డిస్కు పార్టిషన్ పట్టికను, అంటే డిస్కు ఏయే భాగాలుగా ఉందో చెప్పే పట్టికను కొత్తదాని మీదకు ఎక్కించేటప్పుడు ఏది మూలమో, ఏది నకలో ఆదేశం కొట్టే ముందు రెండుసార్లు చదవాలి. తారుమారైతే ఖాళీ పట్టిక వచ్చి బాగున్న డిస్కు మీద కూర్చుంటుంది. యంత్రం మొదలవడానికి కావలసిన బూట్ లోడర్‌ను కూడా కొత్త డిస్కు మీద పెట్టాలి. లేకపోతే ఆర్నెల్ల తర్వాత మొదటి డిస్కు పోయిన రోజున సమాచారమంతా పదిలంగా ఉండి కూడా యంత్రం లేవదు.

బయటకు తీసిన డిస్కు సంగతి చాలామంది పట్టించుకోరు. నాలుగింటిలో ఒకటే కదా, దానితో ఎవరికీ ఏమీ అర్థం కాదన్న నమ్మకం ఉంది. ప్రతి డిస్కు మీదా ఒకే సమాచారం రాసే రెయిడ్ 1లో ఆ ఒక్క డిస్కు మీదే మొత్తం ఉంటుంది. రెయిడ్ 5లో కూడా లినక్స్ సాధారణంగా 512 కిలోబైట్ల ముక్కలుగా పంచుతుంది. ఆధార్ కార్డు ఫొటో, వైద్య పరీక్ష నివేదిక, జీతాల పట్టిక లాంటివి ఆ ముక్కలో పూర్తిగా ఇమిడిపోతాయి. పలకని డిస్కును సాఫ్ట్‌వేర్‌తో చెరపడం కుదరదు, లోపలి పళ్లేలను పగలగొట్టాలి లేదా మొదటి నుంచీ సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ఇతరుల వివరాలను కాపాడే బాధ్యతను వాటిని దాచుకున్న సంస్థల మీదే పెట్టింది. వారంటీ కింద కొత్తది రావాలంటే పాతది తయారీదారుకు పంపాలి. చెడిన డిస్కును తిరిగి ఇవ్వనక్కర్లేని సేవా ఒప్పందాలను సర్వర్ కంపెనీలు కొంత ఎక్కువ ధరకు అమ్ముతాయి. ఆ ఒప్పందం లేని డయాగ్నస్టిక్ సెంటరు, ఎన్‌క్రిప్ట్ చేయని రోగుల స్కానింగులున్న డిస్కు మీద ఆ వారంటీని వదులుకోవడమే సరైనది.